దోసిలి పట్టినవాళ్ళు

మన శాసనాల్లో దానాలకు కొదవ లేదు. ఏ పాత గుడి ముందు నిలబడి రాతిని చదివినా భూదానమో, గోదానమో, దేవుడి ముందు ఆరని దీపానికి నేతి కోసం ఇచ్చిన గొర్రెల మందో కనిపిస్తుంది. దాత పేరూ, తండ్రి పేరూ, అతను కొలిచిన రాజు బిరుదులూ, దానం చేసిన తిథివారాలూ అన్నీ వుంటాయి. చివర శాపం కూడా వుంటుంది: ఈ ధర్మాన్ని చెరిచినవాడు గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోతాడని. కాని ఆ గుడికి నడిచి వచ్చే దారిలో, మిట్టమధ్యాహ్నం, ముక్కూ మొహం తెలియని మనిషికి ముంతెడు నీళ్ళు పోసిన మనిషి పేరు ఏ రాతి మీదా లేదు.

ఇది సహజమే. ముంతెడు నీళ్ళకు ఎవరూ శాసనం వేయించరు. అయితే చరిత్ర రాసేవాడు కూడా రాతి మీద వున్నదే చరిత్ర అనుకుంటే దాతల చరిత్ర మిగులుతుంది గాని దయ చరిత్ర మిగలదు. ఈ రెండూ ఒకటి కావు. దాతకు పరలోకంలో పుణ్యమూ, ఈ లోకంలో పేరూ వస్తాయి. దారినపోయేవాడి దాహం తీర్చినవాడికి పేరు రాదు. ఆ బాటసారి మళ్ళీ కనిపించడు, అప్పు తీర్చడు. ప్రతిఫలానికి చోటులేని ఈ చిన్న పనిని మనుషులు ఇంతకాలంగా ఎందుకు చేస్తున్నారు, ఎవరికి చేశారు, ఎవరికి చెయ్యలేదు, చేసినప్పుడు ఎలా నిలబడి చేశారు అన్నవి సాంఘిక చరిత్రకు సంబంధించిన ప్రశ్నలే. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" ప్రకటించి, రాజుల యుద్ధాలే కాక జనం తిండీ బట్టా ఆటా పాటా కూడా చరిత్రేనని చూపారు. ఆ దారిలో మనం ఇంకా చాలా దూరం పోవలసి వుంది.

"ఎలా నిలబడి" అన్నానంటే కారణం వుంది. నీళ్ళివ్వటానికి రెండు పద్ధతులున్నాయి. చెంబు చేతికివ్వటం ఒకటి. దోసిలి పట్టమని పైనుంచి పొయ్యటం మరొకటి. దాహం రెండింటితోనూ తీరుతుంది. కాని మొదటి పద్ధతిలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడతారు, రెండవదాంట్లో ఒకడు నిలబడతాడు, ఒకడు వంగుతాడు. మన దేశంలో దయకూ అన్యాయానికీ మధ్య గోడ చాలాచోట్ల ఇంత సన్నగానే వుంది. ఆ తేడాను పట్టుకుని పోతే గాని మన చలివేంద్రాల చరిత్ర అర్థం కాదు.

బాటసారి దాహాన్ని గురించి మనకు దొరికే పాత ఆధారాల్లో ఒకటి కర్నూలు జిల్లా ఎర్రగుడిలో వుంది. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన పదునాలుగు శిలాశాసనాలూ అక్కడి బండల మీద వున్నాయి. వాటిలో రెండవది దారుల వెంట బావులు తవ్వించిన సంగతీ, చెట్లు నాటించిన సంగతీ చెబుతుంది. ఇవి మనుషులకూ పశువులకూ కూడా అని అందులో స్పష్టంగా వుంది. రాజ్యం బాగోగులు తెలిసినవాళ్ళు దీన్ని చదివి, దక్షిణాపథంతో వర్తకం సాగాలంటే బండ్లు కదలాలి, బండ్లు కదలాలంటే ఎడ్లకు నీళ్ళు కావాలి, ఇందులో దయ ఏముంది అనవచ్చు. నిజమే, అవసరం వుంది. అవసరం వున్నంత మాత్రాన దయ లేకుండా పోదు. అదీగాక ఈ శాసనంలో నాకు ముఖ్యంగా కనిపించేది, ఏ మనుషులకు అని అశోకుడు విడదీసి చెప్పకపోవటం. ఎద్దు తాగే బావి దగ్గర ఏ మనిషైనా తాగవచ్చునని చెప్పుకోవటానికి తరువాతి రెండువేల ఏళ్ళలో మనవాళ్ళకు చాలా కష్టమయింది.

శాతవాహనుల కాలానికి వస్తే చలివేంద్రం ఒక సంస్థ అయింది. హాలుడి పేర వచ్చిన ప్రాకృత గాథల్లో ప్రపాపాలిక, అంటే చలిపందిరిలో నీళ్ళు పోసే స్త్రీ, ఒక పాత్రగా స్థిరపడింది. అందులో ఒక గాథ పండితులందరికీ తెలిసిందే. బాటసారి పైకి చూస్తూ వేళ్ళు ఎడంచేసి, తాగటం ఎంతకీ తెమలకుండా చేస్తాడు. ఆమె కూడా ధారను సన్నం చేస్తుంది. అలంకారికులు దీన్ని శృంగారానికి ఉదాహరణగా ఇచ్చి ఊరుకున్నారు. శృంగారం వుంది, సరే. కాని సాంఘిక చరిత్రకారుడికి ఇందులో మూడు సంగతులు దొరుకుతాయి. నీళ్ళు పొయ్యటానికి మనిషిని కేటాయించిన పందిళ్ళు అప్పటికే దారుల వెంట వున్నాయి. ఆ పని ఆడవాళ్ళు చేసేవారు. బాటసారి నీళ్ళు చేతులతోనే పట్టి తాగేవాడు, ఆమె పైనుంచే పోసేది. ఆ దోసిలి కులభేదం వల్ల వచ్చిందా, పాత్రలు కరువై వచ్చిందా అన్నది గాథ చెప్పదు. అంచేత రెండువేల ఏళ్ళనాటి దోసిలి మీద మన కాలపు కోపం చూపటం సరికాదు. దాని అర్థం తరువాత మారింది. ఎప్పుడు, ఎవరి విషయంలో మారింది అన్నదే ప్రశ్న.

కాకతీయుల తరువాతి సాహిత్యంలో అపరిచితుడికి అన్నం దొరకటానికి రెండు మార్గాలు కనిపిస్తాయి. "క్రీడాభిరామం"లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో ఒక రూక పారేస్తే కమ్మని భోజనం దొరుకుతుంది. "ఆముక్తమాల్యద"లో విష్ణుచిత్తుడు వానాకాలపు అర్ధరాత్రి అతిథులకు వడ్డిస్తూ, కూరలు ఎక్కువ లేవు, అన్నం వేడిగా లేదు, దయచేసి తినండని బతిమాలుతాడు. పెట్టేవాడు తినేవాణ్ణి బతిమాలటం చాలా అందమైన సంగతి. మన సాహిత్యంలో ఇంతకంటే మంచి ఆతిథ్యం నాకు తెలియదు. అయితే ఆ అతిథులు భాగవతులు. తన మతస్థుడు ఎంత దూరంనుంచి వచ్చినా అతను పూర్తిగా అపరిచితుడు కాడు, బంధువుల్లో ఒక రకం. సత్రాలూ, సదావర్తులూ చాలావరకు ఇలాంటి బంధువుల కోసం ఏర్పడినవే. కులం అడగకుండా పెట్టిన సత్రం వుండి వుండవచ్చు. కాని కులం అడిగి పెట్టటం మామూలు, అడగకపోవటం విశేషం.

మా ప్రాంతంలో, అంటే హైదరాబాదుకు తూర్పున మల్కాజిగిరి, మౌలాలి, నాచారం, ఉప్పల్ వైపు, ఈ సంప్రదాయానికి మరో పాయ వచ్చి కలిసింది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578 ప్రాంతాన, యాకూత్ అనే దర్బారు మనిషికి వచ్చిన కలను ఆధారం చేసుకుని మౌలాలి గుట్ట మీద దర్గా వెలిసిందని కథ. రజబ్ నెల ఉత్సవానికి నగరంనుంచి జనం గుట్టకు తరలివచ్చేవారు. ఆ ఉత్సవాలకు ధారాళంగా ఖర్చుపెట్టినవారిలో మహలఖా బాయి చందా ఒకరు. 1768లో పుట్టి 1824లో పోయిన ఈమె ఉర్దూ కవయిత్రి, గాయని, నిజాం దర్బారులో పలుకుబడి కలిగిన వేశ్య. తల్లికి గుట్ట కింద సమాధి కట్టించి, చివరకు తానూ అక్కడే ఒరిగింది. ఉస్మానియా వైపు, ఒకప్పటి ఆమె జాగీరు నేల మీద, ఆమె పేరుతోనే పిలిచే మెట్లబావి వుంది. సంఘం గౌరవంగా చూడని వృత్తిలోని స్త్రీ పేరు ఒక బావికి నిలిచింది. ఏ కులీన స్త్రీ పేరూ ఇక్కడ ఇలా నిలవలేదు.

హైదరాబాదు ముసల్మానుల్లో చలివేంద్రానికి "సబీల్" అని పేరు. మొహర్రం రోజుల్లో వీధుల్లో సబీళ్ళు పెట్టి వచ్చేపోయేవారికి నీళ్ళో షర్బతో ఇస్తారు. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో హుసేను పరివారానికి యూఫ్రటీసు నీళ్ళు అందకుండా శత్రువు అడ్డగించిన జ్ఞాపకం దీని వెనుక వుంది. మన చలివేంద్రం పుణ్యం మీద నిలబడితే సబీల్ ఒక అన్యాయపు జ్ఞాపకం మీద నిలబడింది. నీళ్ళు నిరాకరించటం ఎంత క్రూరమో తలుచుకోవటానికి నీళ్ళు ఇస్తారు. ఈ రెండవ పునాది గట్టిదని నా అభిప్రాయం.

ఇప్పుడు దోసిలి విషయానికి వద్దాం.

1901లో అంబేద్కర్‌కు పదేళ్ళు. తండ్రి గోరేగావులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన దగ్గరికి పోవటానికి అన్నతోనూ, అక్క పిల్లలతోనూ కలిసి సాతారా నుంచి రైలెక్కి మసూరు స్టేషనులో దిగారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలను చూసి మొదట ఆదరించిన స్టేషను మాస్టరు, వాళ్ళు మహర్లని తెలియగానే అయిదడుగులు వెనక్కి వేశాడు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒక బండివాడు ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలన్న షరతు మీద. దారిలో తినటానికి పిల్లల దగ్గర అన్నం వుంది, నీళ్ళు లేవు. సుంకం వసూలుచేసేవాడి దగ్గరకు పోయి ముసల్మానులమని చెప్పినా నీళ్ళు పుట్టలేదు. ఆ రాత్రంతా అన్నం మూట పక్కన పెట్టుకుని పస్తుతో, దాహంతో పడుకున్నారు. పెద్దవాడైన తరువాత ఆయనే ఈ సంగతి రాశారు. ఇందులో ఒక్కడు కూడా పిల్లలను కొట్టలేదు, తిట్టలేదు. స్టేషను మాస్టరు కొంత సాయం కూడా చేశాడు. బండివాడు కిరాయికైనా వచ్చాడు. వీళ్ళంతా మామూలు మనుషులు, ఇంటి దగ్గర ఎండాకాలం కుండ పెట్టి వుండదగినవాళ్ళు. లేనిది దయ కాదు. ఆ పిల్లలు తమ దయకు పాత్రులన్న ఎరుక వాళ్ళకు లేదు.

అందుకే "దయగల హృదయం" అన్న మాట ఒక్కటే పట్టుకుని చరిత్ర చెప్పటం కుదరదు. హృదయం ఎక్కడికి పోవచ్చో ఎక్కడికి పోకూడదో సంఘం ముందే గీతలు గీసి పెడుతుంది.

రైలు ఆ గీతలను చెరిపిందని కొందరంటారు. నిజాం రాజ్యంలోకి రైలు 1874లో వచ్చింది. సికింద్రాబాదు నుంచి మౌలాలి మీదుగా ఓరుగల్లు వైపు, ఆ తరువాత 1889 నాటికి బెజవాడ దాకా పట్టాలు సాగాయి. 1893లో లాలాగూడ వర్కుషాపు మొదలయింది. దాని చుట్టూ కార్మికుల బస్తీలు లేచాయి. ఒకే పెట్టెలో ఒకరి పక్కన ఒకరు కూర్చోవలసి రావటం పెద్ద మార్పే. కాని ప్లాట్‌ఫారం మీద నీళ్ళ దగ్గర పాత సంఘమే కాపలా కాసింది. హిందువుల నీళ్ళు వేరు, ముసల్మానుల నీళ్ళు వేరు. పెద్దకులాలవారు అభ్యంతరం చెప్పకుండా వుండేందుకు నీళ్ళు పోసే ఉద్యోగానికి బ్రాహ్మణుణ్ణి పెట్టేవారు. ఆ పానీపాండే చెంబులోంచి ధార పడితే ప్రయాణికుడు దోసిలి పట్టవలసిందే. ఆవిరి యంత్రం వచ్చింది గాని నీళ్ళ పద్ధతి మారలేదు. ఉత్పత్తి సాధనాలు మారినంత మాత్రాన ఆచారాలు వాటంతటవే మారిపోతాయని నమ్మే మిత్రులు ఈ చిన్న ఉదాహరణను గుర్తుంచుకోవటం మంచిది. వాటిని మార్చటానికి మనుషులు పూనుకోవాలి.

ఇదే కాలంలో గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు అన్నం పెట్టారు. ఆమె 1841 నుంచి 1909 దాకా జీవించారు. లంకల గన్నవరం ఏటి దాటుల మధ్య వుండటం వల్ల వేళకాని వేళ బాటసారులు వచ్చేవారు. ఏ వేళ వచ్చినా ఆ ఇంట్లో పొయ్యి ఆరేది కాదని ప్రతీతి. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమె ఛాయాచిత్రం తెప్పించుకున్నారని కథ చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆమె ఔదార్యాన్ని తగ్గించటం నా ఉద్దేశం కాదు. కాని ఒక సంగతి గమనించాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాలో ధాన్యం మిగలటం అప్పటి నుంచే. మిగులు లేని చోట నిత్యాన్నదానం సాగదు. అదే 1866లో రాయలసీమ కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు గంజి పోయించి ఎందరినో బతికించారు. ఆయనకు విక్టోరియా రాణి పతకం పంపింది. కరువు నివారణ బాధ్యత ఎవరిదో ఆ ప్రభుత్వమే తన బాధ్యతను ఒక ప్రైవేటు మనిషి మెడలో పతకంగా వేసి చేతులు దులుపుకున్నది. పాలకులకు దాతలంటే ఎందుకంత ఇష్టమో ఇక్కడ అర్థమవుతుంది.

దాతలు కాని దయామయులు ఎక్కడ కనిపిస్తారు? విపత్తుల్లో. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 15,000 మంది పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ వుంది. యేటా దాని కింద కొందరు చేరి ఆ రోజును తలుచుకుంటారు. చెట్టును తలుచుకోవటం బాగానే వుంది. అయితే 150 మంది వరద నీటిలోంచి చెట్టెక్కాలంటే పై కొమ్మ మీదివాడు కింది వాడికి చెయ్యి ఇవ్వవలసి వుంటుంది. ఆ చేతులు ఎవరివో ఏ లెక్కలోనూ లేదు. అంత ఉపద్రవంలో ఎవరూ ఎవరి కులమూ మతమూ అడిగి వుండరని అనుకోవటానికి అవకాశముంది. వరద తీసిన తరువాత మళ్ళీ అడిగి వుంటారు.

మళ్ళీ అడగకుండా చేసింది వరదలు కాదు, పోరాటాలు. 1927 మార్చి 20న మహాడ్ చెరువు దగ్గర అంబేద్కర్ వేలమందితో వెళ్ళి ఒక దోసెడు నీళ్ళు తాగారు. ఆ దోసిలి పైనుంచి ఎవరో పోసినది కాదు. చెరువులో తానుగా ముంచినది. శరీరం చేసే పని అదే, అర్థం తలకిందులయింది. అంటరానితనాన్ని నేరంగా ప్రకటించిన చట్టం 1955లో వచ్చింది. అయినా మన పల్లెల టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. 1990ల చివర కూడా దానిమీద తెలుగు జిల్లాల్లో ఉద్యమాలు చెయ్యవలసి వచ్చింది. 1985 జులైలో కారంచేడు మాటేమిటి? మంచినీళ్ళ చెరువులో బర్రెల కుడితి నీళ్ళు కలుపుతుంటే ఒక దళిత స్త్రీ అభ్యంతరం చెప్పింది, కొట్టబోతే చేతిలో బిందె ఎత్తింది. ఆ మరునాడు, జులై 17న, ఆరుగురు దళితులను చంపారు. ఊళ్ళో ఎంతోమంది అన్నదానాలు చేసేవాళ్ళు వుండే వుంటారు. నీళ్ళు అడిగి పుచ్చుకున్నంతకాలం దయ వుంది. నీళ్ళు మావి కూడా అన్న రోజున గొడ్డలి లేచింది.

ఈ చరిత్రంతా 2020 వేసవిలో మా నాచారం వీధి చివరకు నడిచి వచ్చింది.

మార్చి 24 రాత్రి ప్రకటించి నాలుగు గంటల్లో దేశాన్ని మూసివేశారు. రైళ్ళు ఆగాయి. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనిచేసే బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కార్మికులకు కూలి ఆగింది, గది అద్దె ఆగలేదు. నగరం చుట్టూ ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశావాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. ఏప్రిల్ నాటికి జనం నడవటం మొదలుపెట్టారు. ఎక్కువమంది మేడ్చల్ మీదుగా నాగపూరు దారి పట్టారు. మా పక్క వరంగల్ రోడ్డు మీద కూడా గుంపులు గుంపులుగా పోయేవారు. ఆ నెలలోనే ములుగు వైపు మిరప తోటల్లో పనిచేసి, ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచిపోతున్న పన్నెండేళ్ళ ఆదివాసీ బాలిక మూడు రోజులు నడిచి ఇల్లు చేరువలో చనిపోయింది.

నేనూ ఇరుగుపొరుగువారు ఇద్దరమూ కలిసి వరంగల్ రోడ్డు పక్క చెట్టు కింద రెండు రంజన్లు పెట్టాం. మూతల మీద స్టీలు గ్లాసులు. ఇది చెప్పుకోదగిన పని కాదు. ఆ వేసవిలో నగరమంతటా ఇంతకన్న ఎంతో చేసినవాళ్ళున్నారు. చెప్పవలసింది వేరే. ఒక మధ్యాహ్నం ఏడెనిమిది మంది వచ్చారు. నెత్తిన మూటలు, ఒకామె చంకన పసిబిడ్డ. ఊరు ఏదంటే నువాపడా అన్నారు. ముందున్న మనిషికి నేను గ్లాసు అందించాను. అతను తీసుకోలేదు. వంగి దోసిలి పట్టాడు. మళ్ళీ గ్లాసు చాపాను. తల అడ్డంగా ఊపి, దోసిలి అలాగే వుంచాడు. పోశాను. మిగిలినవాళ్ళూ వరసగా అలాగే తాగారు. వాళ్ళలో ఒక పదేళ్ళ కుర్రవాడు మాత్రం ఎవరినీ అడగకుండా రెండో రంజన్ మూత తీసి, గ్లాసు ముంచి, గటగటా తాగాడు. పెద్దాయన వాడిమీద తన భాషలో కేకవేసి నా మొహం వంక చూశాడు. "కోయీ బాత్ నహీ" అన్నాను. వాడు రెండో గ్లాసు ముంచాడు.

ఆ పెద్దాయన గ్లాసు ఎందుకు పట్టలేదు? రోగం అంటుతుందనా, తన చేతి గ్లాసు నేను ముట్టనేమోననా, లేక ఎక్కడైనా నీళ్ళడిగితే చేతులు వాటంతటవే దోసిలి అయ్యేంతగా అలవాటయిందా? అతణ్ణి నిలబెట్టి ఆరాతీసే సమయం కాదది. కాని ఆ వేసవిలో నేను చూసిందేమంటే, రోగభయంతో ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ అందరూ ఆ పాత భంగిమలోకి ఇట్టే వెళ్ళిపోయారు. పొట్లాలు గోడమీద పెట్టి పక్కకు జరగటం, బారెడు ఎత్తునుంచి నీళ్ళు వంచటం, ఎవరూ ఎవరికీ నేర్పనక్కర లేకపోయింది. దానికి "సామాజిక దూరం" అని ప్రభుత్వం పేరు కూడా పెట్టింది. రోగం నిజమే, జాగ్రత్త అవసరమే. శారీరక దూరం అనవలసిన చోట సామాజిక దూరం అనటం మాత్రం మన దేశంలో నోటికి అంత సులువుగా ఎందుకు వచ్చిందో ఆలోచించదగ్గ విషయం. ఈ భంగిమకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఆ కుర్రవాడికి ఇంకా అది అబ్బలేదు.

మన మిత్రుల్లో కొందరు ఇలాంటి పనుల్ని చిన్నచూపు చూస్తారు. దానధర్మాలు శ్రామికుణ్ణి మత్తులో వుంచుతాయనీ, హక్కుల కోసం పోరాడవలసిన చోట కుండ పెట్టటం మధ్యతరగతి ఆత్మతృప్తి అనీ వాళ్ళ వాదం. పతకాల దాతల విషయంలో ఇది ముమ్మాటికీ నిజం. కాని ఎంగెల్సు 1845లో ఇంగ్లండు కార్మికవర్గాన్ని గురించి రాసినప్పుడు ఇంకో సంగతి గుర్తించాడు. ధనికులు పేదలకు ఇచ్చేదానికంటే పేదలు ఒకరికొకరు ఇచ్చుకునేది ఎక్కువ. బిచ్చగాళ్ళు చెయ్యి చాచేది చాలావరకు కార్మికుల ముందే. ఎందుకంటే కార్మికుడికి లేమి అంటే ఏమిటో తెలుసు, ఎదుటి మనిషి అతనికి మనిషిగానే కనిపిస్తాడు. ఈ దయ వర్గచైతన్యానికి శత్రువు కాదు. దాని ముడిసరుకు. సమ్మె రోజుల్లో పక్క ఫ్యాక్టరీవాళ్ళు బియ్యం పోగుచేసి పంపటం దీని కొనసాగింపే గాని వేరే నేలలో మొలిచింది కాదు. ఈ పనిని తక్కువ చేసేవాళ్ళు ఆ వేసవిలో తమ గుమ్మం ముందు గ్లాసు ముట్టని మనిషిని చూసి వుంటే ఏమనేవారో నాకు తెలియదు.

అయితే ఈ ముడిసరుకును ప్రభుత్వం కూడా వాడుకుంటుంది. ఒడిశా దాదన్ కూలీల దుర్భర స్థితి మీద 1976లో చర్చ లేచి, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. వలస వచ్చిన కార్మికుణ్ణి నమోదు చెయ్యాలి, నెల కూలిలో సగం స్థానభ్రంశ భత్యం ఇవ్వాలి, రానూపోనూ దారిఖర్చు ఇవ్వాలి అని ఆ చట్టం చెప్పింది. అది నిజంగా అమలయి వుంటే 2020 ఏప్రిల్‌లో ఏ బట్టీలో ఎందరున్నారో అధికారుల దగ్గర జాబితా వుండేది, ఆ నువాపడా మనిషి చేతిలో దారిఖర్చు వుండేది. జాబితా లేదు. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో మొదటి శ్రామిక రైలు బయలుదేరింది. ఘట్‌కేసర్ నుంచి కూడా ఆ నెలలో రైళ్ళు వెళ్ళాయి. ఆగస్టు ఆఖరుకు దేశం మొత్తం మీద 4,621 రైళ్ళు, 63 లక్షల మంది ప్రయాణికులు అని లెక్క చెప్పారు. దారిలో ఎందరు చనిపోయారని సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే ఆ లెక్క తమ దగ్గర లేదన్నారు. 1979 చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడులో కలిసిపోయింది. దారిఖర్చు మాట అందులో వుంది, స్థానభ్రంశ భత్యం లేదు.

చనిపోయినవారి లెక్కే రాయని చోట, నీళ్ళు పోసినవారి లెక్క ఎవరో రాస్తారని ఎదురుచూడటం వృథా. ఈ పని మన ఉపాధ్యాయులూ విద్యార్థులూ చెయ్యదగినది. లాలాగూడ, మౌలాలి బస్తీల్లో రైల్వే కార్మికుల ఇళ్ళు ఇంకా వున్నాయి. ప్లాట్‌ఫారం మీద నీళ్ళ కుండలు ఎన్ని వుండేవి, ఎవరు పోసేవారు, ఎప్పుడు ఒక్క కుళాయి అయ్యాయి అన్నది తాతలనుంచి విన్నవాళ్ళు ఆ ఇళ్ళల్లో వున్నారు. ఉప్పల్ చౌరస్తా అడ్డా మీద పొద్దున్నే పనికి నిలబడేవాళ్ళలో 2020లో నడిచిపోయి మళ్ళీ తిరిగివచ్చినవాళ్ళున్నారు. దారిలో ఎక్కడ నీళ్ళు దొరికాయి, ఎక్కడ తలుపు వేశారు, ఎక్కడ గ్లాసు చేతికిచ్చారు, ఎక్కడ దోసిలి పట్టమన్నారు అని వాళ్ళను అడగాలి. ఊరి పేరు, నెల, తాగిన పద్ధతి, మూడు గళ్ళ కాగితం చాలు.